గ్రూప్ టూర్‌లో పారిస్: మొదటి రెండు రోజులు

పారిస్‌లో దిగిన రోజే హోటల్‌కి వెళ్ళి స్నానం చేసి పడుకోవచ్చనుకుంటే పొరపాటు. హోటళ్ళు గదులిచ్చేది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు. విమానం పొద్దున్నే దిగితే టూర్ మేనేజర్ గ్రూపును ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఊరు చూపించడానికి తీసుకెళ్తాడు, పెద్ద సూట్‌కేసులు బస్సు అడుగున ఉండిపోతాయి. అందుకే జత బట్టలు, బ్రష్, పల్చటి జాకెట్, ఛార్జర్, రెండు రోజుల మందులు చేతి బ్యాగులోనే ఉండాలి. ఇన్సులిన్ మాత్రం మొత్తం చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, విమానం అడుగున సామాన్ల గదిలో గడ్డకడితే పనికిరాదు. వేసవిలో అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. షుగర్ మందుల వేళలు ఎలా మార్చాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది, పెద్ద సూట్‌కేసులో పెట్టాలి. నెయ్యి, కోవా, పాలపొడి, మాంసం పచ్చళ్ళు ఎక్కడ పెట్టినా తప్పే. పాలతోనూ మాంసంతోనూ చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తేకూడదు. మామిడిపళ్ళకు, పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ అడుగుతారు, కాబట్టి వాటినీ వదిలేయండి. కందిపొడిలోకి నెయ్యి లేదని దిగులక్కర్లేదు. అక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లో కొన్నా వెన్న అద్భుతంగా ఉంటుంది.

ఇమిగ్రేషన్ దగ్గర ఎవరి కాగితాలు వాళ్ళ చేతిలో ఉండాలి: తిరుగు టికెట్, హోటల్ వోచర్, ఇన్సూరెన్స్. అన్నీ మేనేజర్ దగ్గరున్నాయంటే కుదరదు, కౌంటర్ ముందు మీ పక్కన అతను ఉండడు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఈ తతంగమంతా అక్కడే అయిపోతుంది, రెండు దేశాలూ ఒకే షెంగెన్ వీసా కింద ఉన్నాయి కాబట్టి.

హోటల్ గదిలో మనవాళ్ళకు చిక్కొచ్చేది బాత్‌రూమ్‌లో. నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు. టబ్బు బయట నిలబడి మగ్గుతో పోసుకుంటే ఆ నీళ్ళు గుమ్మం దాటి గదిలో కార్పెట్ మీదికొస్తాయి, కింది గది సీలింగ్‌లోంచీ కారతాయి. నష్టం మీ దగ్గరే వసూలు చేస్తారు. టబ్బులోకి దిగి, కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేసుకుని, అప్పుడు షవర్ తిప్పాలి. టాయిలెట్‌లో నీళ్ళ పైపు ఉండదు కాబట్టి ఒక ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్ళండి. కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు. రెస్టారెంట్‌లో 'ఉన్ కరాఫ్ దో' అంటే జగ్గుతో ఉచితంగా ఇస్తారు. ఉత్త 'వాటర్' అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

ఇక బస్సు. గ్రూపులో గొడవలు ఎక్కువగా దీని దగ్గరే. యూరప్ నిబంధనల ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. 24 గంటల్లో 11 గంటలు వరసగా విశ్రాంతి తీసుకోవాలి. వారంలో కొన్ని రోజులు దాన్ని 9కి తగ్గించుకోవచ్చు. ఇదంతా బండిలోని టాకోగ్రాఫ్ అనే పరికరంలో రికార్డవుతుంది, దాటితే జరిమానా. లెక్క చూడండి: పొద్దున ఎనిమిదికి పని మొదలెట్టిన డ్రైవర్ మామూలుగా రాత్రి తొమ్మిదికి ముగించాలి. మీరు షాపింగ్‌లో అరగంట ఆలస్యం చేస్తే ఆ అరగంట మర్నాటి ప్రయాణంలోంచో, సాయంత్రం చూడాల్సిన చోటులోంచో పోతుంది. డ్రైవర్‌ని బతిమాలి లాభం లేదు.

ఐఫిల్ టవర్ మెరుపుల చిక్కూ ఇదే. చీకటి పడ్డాక గంట గంటకూ 5 నిమిషాలు మెరుస్తుంది. జూన్‌లో పొద్దుగూకేదే రాత్రి పది దగ్గర, అంటే మెరుపులు బాగా కనబడేది పదకొండుకు. అప్పటికి బస్సు ఉండదు. చూడాలనుంటే మేనేజర్‌కి చెప్పి, నలుగురు కలిసి మెట్రోలో వెళ్ళండి. 6వ లైను లేదా 9వ లైనులో ట్రొకాడెరో దగ్గర దిగితే ఎదురుగా టవరే. 2025లో టికెట్ 2.50 యూరోలు, టికెట్లు ఎక్కించుకునే నావిగో ఈజీ కార్డుకు ఇంకో 2 యూరోలు. ఒక్క కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు, మనిషికొకటి కొనాలి. బయటికొచ్చేదాకా కార్డు చేతిలో ఉంచండి, మధ్యలో తనిఖీ చేస్తారు. పాత రైళ్ళలో తలుపు దానంతటదే తెరుచుకోదు, దాని మీదున్న గొళ్ళెం పైకెత్తాలి. ఎవరో తీస్తారని నిలబడితే స్టేషన్ దాటిపోతుంది.

తలుపు మూసుకునే ముందు బీప్ మోగుతుంది. దొంగలు ఫోన్ లాక్కుని దూకేది ఆ క్షణంలోనే, కాబట్టి తలుపు పక్కన నిలబడి ఫోన్ చూడకండి. మోమార్త్ర్ కొండ మీద సాక్రెకర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టే కుర్రాళ్ళుంటారు. కట్టాక డబ్బులిచ్చేదాకా వదలరు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచిపోండి. సంతకం చేయమని అట్ట పట్టుకొచ్చే అమ్మాయిలతోనూ ఆగొద్దు, మీరు చదువుతుంటే పక్కామె మీ బ్యాగులో చెయ్యి పెడుతుంది.

పాస్‌పోర్టు చొక్కా లోపల మెడసంచిలో ఉండాలి. అది పోతే పోలీసు ఫిర్యాదుతో భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. వాళ్ళిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియా తిరిగి రావడానికి మాత్రమే. వీసా పాస్‌పోర్టుతోపాటే పోయింది కాబట్టి ఆ పై స్విట్జర్లాండ్, ఇటలీ గ్రూపుకే, మీకు లేవు.