ప్రతి పనినీ పందెంగా చూసే అలవాటును మాన్పించుకోవడం ఎలా?

రెండేళ్ల క్రితం విజయనగరంలోని మా ఇంట్లో అమ్మాయి తన పదో తరగతి మార్కులను ఫోనులో చూపించినప్పుడు, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ‘మరి పక్కింటి వాళ్లకెన్ని?’ అన్నది. ఆ పిల్ల ఏమీ అనకుండా ఫోనును బల్ల మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. బతుకంటేనే పోటీ అన్న మాటను ఏనాడూ పరీక్షించకుండా నమ్మి, అదే నమ్మకాన్ని పిల్లకు అంటగడుతున్నానని అప్పుడే గ్రహించాను. దాన్ని వదిలించుకోవడానికి నేను చేస్తున్న సాధన ఇది.

ముందుగా ఒక కాగితం తీసుకుని, గడచిన వారంలో మిమ్మల్ని మీరు ఎవరితోనైనా పోల్చుకున్న సందర్భాలన్నీ దాపరికం లేకుండా రాయండి. తరువాత ఒక్కొక్క దాని పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇక్కడ స్థానాలు నిజంగా పరిమితమా, ఈ పోటీ ఏ రోజుతో ముగుస్తుంది? ఇంజినీరింగ్ సీటుకూ, గ్రూప్-2 ఉద్యోగానికీ రెండు జవాబులూ దొరుకుతాయి. తోడల్లుడు కొన్న కారుకూ, ఎదురింటివారు వేసిన రెండో అంతస్తుకూ ఒక్కటీ దొరకదు. జవాబు దొరకని వాటిని కొట్టివేయండి. నా మొదటి కాగితంలో పదకొండు ఉంటే తొమ్మిదింటిని కొట్టివేయవలసి వచ్చింది.

పోటీయే తప్పని నేను అనడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచినప్పుడు మనమంతా పొంగిపోయాం. అయితే ఆ పోటీకి ఒక వేదిక, కొన్ని నియమాలు, ఒక ముగింపు ఉన్నాయి. పెళ్లి విందులోనూ, పిల్లల పుట్టినరోజులోనూ నడిచే పోటీకి అవేవీ లేవు కనుకనే అది మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

‘ప్రకృతిలోనే పోటీ ఉంది కదా’ అని ఎవరైనా వాదిస్తే, ‘యోగ్యతములే మిగులుతారు’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల పదబంధాన్ని 1864లో ఆంగ్ల తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ వాడుకలోకి తెచ్చాడనీ, డార్విన్ దాన్ని ఆ తరువాతే స్వీకరించాడనీ గుర్తుచేయవచ్చు. అక్కడ యోగ్యత అంటే పరిసరాలకు ఇమడగలగడమే తప్ప, పక్కవారిని పడగొట్టడం కాదు. అంత దూరం వెళ్లడం ఇష్టం లేకపోతే మన ఉడుపులనే, అంటే వరి నాట్లనే చూపండి. ఈ రోజు మీ మడికి మేము, రేపు మా మడికి మీరు అంటూ వంతులవారీగా నాట్లు వేసుకునే చోట, పొరుగు మడి ముందుగా పచ్చబడినందువల్ల మన మడికి కలిగే నష్టమేమీ ఉండదు. నీరు నిలిచిన ఆ కొద్ది రోజుల్లో అందరి నాట్లూ పడటమే అందరికీ కావలసింది.

తరువాతి పని కొలతను మార్చుకోవడం. ర్యాంకు మీకంటే ముందు ఎంతమంది ఉన్నారో చెబుతుంది, మీకు ఎంత వచ్చునో చెప్పదు. అందువల్ల నెలకొకసారి మీ పాత పనిని పక్కన పెట్టుకుని కొత్త పనిని చూడండి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసే చేతికి, దూది ఎంత మెత్తగా వచ్చిందన్నదే ముఖ్యం. తొందరపడితే ఆ దూది నూలుకే పనికిరాదు.

ఇంట్లో ఈ మార్పు మాటతోనే మొదలుకావాలి. పిల్లలు ఫలితం చెప్పినప్పుడు, మూడో మనిషి పేరు ఎత్తకుండా ‘ఇందులో నీకు నచ్చిన పాఠమేది?’ అని అడగండి. మొదట్లో వాళ్లు నమ్మరు. మా అమ్మాయి దాదాపు మూడు నెలలపాటు ‘వాళ్లకెన్నో అడగవా నాన్నా?’ అని అనుమానంగా చూసేది. మొన్న భౌతికశాస్త్రం పేపరు తెచ్చినప్పుడు మాత్రం మార్కులు చెప్పకుండానే, కటకాల లెక్క ఎలా చేసిందో అరగంటసేపు నాకు గీసి చూపించింది.