అండమాన్‌లో స్నార్కెలింగ్, స్కూబా ఎలా చేయాలి? ముందు మీ చెవుల సంగతి చూసుకోండి

అండమాన్ వెళ్ళొచ్చిన వాళ్ళని స్కూబా, అదే వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగడం, ఎలా ఉందని అడిగి చూడండి. కొంతమంది ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు, కొంతమంది చెవి పట్టుకుంటారు. ఈ రెండో రకం వాళ్ళని చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మా బావలు, వదినలు, ఆఫీసు వాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఇలా ఇప్పటికి ఏడు బ్యాచ్‌లను అండమాన్‌లోని హ్యావ్‌లాక్ దీవికి తీసుకెళ్ళాను. అందరూ హోటల్ గురించి నెల రోజులు వెతుకుతారు, చెవుల గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించరు.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో పోర్ట్ బ్లెయిర్‌కి విమానం, అక్కడి నుంచి హ్యావ్‌లాక్‌కి ఫెర్రీ, రెండు గంటలు అటూ ఇటూ. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, హ్యావ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది, జనం నోట్లో మాత్రం ఇంకా పాత పేర్లే. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ అది ఎప్పుడో ఒకసారి బయల్దేరుతుంది, రెండు రోజులు దాటే ప్రయాణం, ఓపికుంటే చూసుకోండి. వెళ్ళాల్సింది నవంబరు నుంచి ఏప్రిల్ మధ్యలో, నన్నడిగితే ఫిబ్రవరి, మార్చిల్లోనే. వానాకాలంలో టికెట్లు చవకని వెళ్తే సముద్రం మజ్జిగలా ఉంటుంది, పైగా ఫెర్రీలు రద్దవుతాయి. ఫెర్రీలో కడుపులో తిప్పే వాళ్ళు అవోమిన్ లాంటి మాత్ర ఎక్కక ముందే వేసుకోవాలి, ఎక్కి వాంతి చేసుకున్నాక కాదు. అది నిద్రమత్తు తెస్తుంది కాబట్టి డైవ్ ఉన్న పొద్దున మాత్రం వద్దు. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగు బాగానే వినిపిస్తుంది, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వెళ్ళి స్థిరపడిన వాళ్ళు చాలామంది ఉన్నారు, భాష గురించి బెంగ అక్కర్లేదు.

ముందు వరస సరిచేసుకోండి

ముందు స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళపైన బోర్లా తేలుతూ కిందికి చూడటం), తర్వాత స్కూబా, ఆ తర్వాత కనీసం ఒక రోజు ఖాళీ, అప్పుడు విమానం. దీన్ని ఎవరు ఎలా మార్చమన్నా మార్చొద్దు. ప్యాకేజీల వాళ్ళు హ్యావ్‌లాక్‌లో దిగిన మర్నాడే తెల్లారి ఆరింటికి స్కూబా పెట్టేస్తారు, ఎందుకంటే వాళ్ళ జీపు ఆ టైముకే ఖాళీ. మీరేమో ముక్కుతో కాకుండా నోటితో గాలి పీల్చడం జీవితంలో మొదటిసారి ఆరు మీటర్ల లోతున నేర్చుకుంటూ ఉంటారు. అదే ముందు రోజు ఛాతీ లోతు నీళ్ళలో అరగంట స్నార్కెల్ పెట్టుకుని తల ముంచి ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

చివర్న ఖాళీ రోజు ఎందుకంటే, నీళ్ళ కింద ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని కొంత ఒంట్లో కరిగి ఉంటుంది. అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే అక్కడ ఒత్తిడి తక్కువ, బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ డైవులైతే 18 గంటలు ఆగాలని డైవర్లు పాటించే లెక్క. నేను మాత్రం ఎవరినీ 24 గంటల్లోపు ఎక్కనివ్వను. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూడండి, ఫెర్రీ రద్దైనా విమానం తప్పిపోకుండా ఆ రోజే ఆదుకుంటుంది.

సామాను

మాస్కు, స్నార్కెల్ గొట్టం, ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు), సిలిండరు అన్నీ డైవ్ చేయించేవాళ్ళే ఇస్తారు. మీరు తీసుకెళ్ళాల్సింది ఒంటికి అతుక్కుని ఉండే ఫుల్ హ్యాండ్స్ ఈత టీషర్టు. బోర్లా తేలుతూ గంట గడిపితే వీపు పెనం మీద అట్టులా కాలుతుంది, సన్‌స్క్రీన్ ఎంత పూసినా నీళ్ళలో కరిగి పగడాల మీదికే పోతుంది. అద్దాలు వాడేవాళ్ళు పవర్ ఉన్న మాస్కు దొరుకుతుందేమో ముందే అడగండి.

మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి బెల్టు వెనక్కి వేసి బిగించక్కర్లేదు. ఊరికే ముఖానికి ఆనించి ముక్కుతో ఒక్కసారి లోపలికి పీల్చండి, చెయ్యి తీసినా మాస్కు పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీదే. మన మగవాళ్ళకి అసలు సమస్య మీసం. గుబురు మీసం మీద మాస్కు అంచు కూర్చోదు, ఆ సందులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గీసుకుంటే చాలు, మొత్తం తియ్యక్కర్లేదు. ఇది చెప్తే మా పెద్ద బావ నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మాస్కులో నీళ్ళు తాగి వచ్చి ఆయనే రేజర్ అడిగాడు. అద్దం మీద ఆవిరి పట్టకుండా ఉమ్మి రుద్ది కడగాలి. అసహ్యంగా అనిపించినా అంతకన్నా బాగా పనిచేసేది ఇంతవరకు నాకు దొరకలేదు.

ముఖం మొత్తం కప్పే ఫుల్ ఫేస్ మాస్కులు ఆన్‌లైన్‌లో కొని తెచ్చుకుంటున్నారు ఈ మధ్య. దయచేసి వద్దు. వాటిలో చాలావరకు ముక్కు మూసుకోవడానికే కుదరదు, నోటితో పీల్చడం అలవాటు కాదు, అంటే స్కూబాకి పనికొచ్చేది ఒక్కటీ నేర్పదు.

స్నార్కెలింగ్

ఎలిఫెంట్ బీచ్‌కి హ్యావ్‌లాక్ జెట్టీ నుంచి బోటులో వెళ్తారు. లైఫ్ జాకెట్ వేసి, రబ్బరు ట్యూబు పట్టుకోమని గైడు లాక్కుంటూ తిప్పుతాడు, పది నిమిషాల్లో అయిపోయిందంటాడు. ముందే ఇంకొంచెం డబ్బులిస్తానని మాట్లాడుకుని ఎక్కువసేపు ఉండండి, ఆ మొదటి పది నిమిషాలు మీ ఊపిరి సర్దుకోవడానికే సరిపోతాయి. మెల్లగా, పొడుగ్గా పీల్చి వదలండి. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా 'తూ' అని ఊదితే పైనుంచి చిమ్ముకుంటూ పోతాయి. పగడాల మీద నిలబడొద్దు, అవి రాళ్ళు కావు, ప్రాణమున్నవి, పైగా కాలు కోసుకుంటే ఆ పుండు ఓ పట్టాన మానదు. వాగులు కలిసే చోట, మడ అడవుల దగ్గర సొంతంగా దిగొద్దు, అక్కడ ఉప్పునీటి మొసళ్ళుంటాయి, హెచ్చరిక బోర్డులు పెట్టింది అందానికి కాదు.

ఇక చెవులు

ఇక్కడ మాత్రం తొందరపడకుండా చదవండి.

తిరుమల ఘాట్ రోడ్డు దిగుతుంటే చెవులు దిబ్బడ వేస్తాయి కదా, గుటక మింగితే 'టుప్' మని తెరుచుకుంటాయి. కొండ మీది నుంచి తిరుపతి దాకా దిగేసరికి గాలి ఒత్తిడి ఎంత పెరుగుతుందో, సముద్రంలో ఒక్క మీటరు దిగేసరికి దాదాపు అంత పెరిగిపోతుంది. ఘాట్‌లో అరగంట పైన పట్టేది ఇక్కడ నాలుగు సెకన్లలో అయిపోతుంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, అంటే కర్ణభేరి వెనక చిన్న గదిలో ఉన్న గాలి సగానికి నలిగిపోతుంది. ఆ లోటు భర్తీ చేయడానికి గొంతు వెనక నుంచి చెవిలోకి సన్నటి గొట్టం ఒకటుంది, దాంట్లోంచి మనమే గాలి పంపాలి. పంపకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది.

చేసే పద్ధతి చిన్నదే. మాస్కు మీద నుంచే రెండు ముక్కుపుటాలూ వేళ్ళతో నొక్కిపట్టి, నోరు రెగ్యులేటర్ (సిలిండరు గాలి పీల్చుకోవడానికి నోట్లో పెట్టుకునేది) చుట్టూ మూసే ఉంచి, ముక్కు చీదబోయినట్టు మెత్తగా గాలి నెట్టండి. రెండు చెవుల్లోనూ 'టుప్' మనాలి. మెత్తగా అని ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే, మనవాళ్ళు బుగ్గలు ఉబ్బించి కళ్ళు ఎర్రబడేలా ఊదుతారు. అలా బలం పెడితే లోపలి చెవే దెబ్బతినొచ్చు, తల తిరుగుడు, వినికిడి తగ్గడం దాకా పోతుంది.

అందరూ చేసే తప్పు ఒకటే. నొప్పి వచ్చాక చేద్దామని ఆగుతారు. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఒకటి రెండు మీటర్లు ఊరికే దిగిపోతే ఆ గొట్టం మూతి ఒత్తిడికి అతుక్కుపోతుంది, ఇంక ఎంత ఊదినా తెరుచుకోదు. అందుకే మొదటిది నీళ్ళపైనే, తల మునగక ముందే చేయండి. తర్వాత ప్రతి అర మీటరుకి ఒకటి, చెవులు బాగానే ఉన్నా సరే. మొదటి ఐదు మీటర్లలోనే దీనికి ఎక్కువ పని, కిందికి వెళ్ళేకొద్దీ తేలికవుతుంది. కాళ్ళు కిందికి, తల పైకి ఉండేలా దిగండి, తలకిందులుగా దిగితే చెవులు మొరాయిస్తాయి. ఒక చెవి తెరుచుకుని రెండోది తెరుచుకోకపోతే ఆ మూసుకున్న చెవి పైకి ఉండేలా తల వంచి, గుటక వేస్తూ మళ్ళీ మెత్తగా ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే ఒక మీటరు పైకి రావాలి, అక్కడ చెవి తేలికపడ్డాక మళ్ళీ. ఉన్నచోటే ఉండి ఇంకా గట్టిగా ఊదడం మాత్రం వద్దు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మొదటిసారి దిగేవాళ్ళ లోతు వాళ్ళ చేతిలో ఉండదు. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండరు పట్టుకుని ఆయనే దింపుతాడు. మీ చెవిలో ఏం జరుగుతోందో ఆయనకి కనపడదు. చెప్పాల్సింది మీరే, చెప్పనివ్వనిది మన మొహమాటం. పాపం ఆయన కష్టపడుతున్నాడు, పక్క బ్యాచ్ అప్పుడే దిగిపోయింది, మనవల్ల ఆలస్యమవుతోంది అనుకుని నొప్పిని పళ్ళబిగువున భరిస్తారు. నేనూ మొదటి డైవ్‌లో అదే చేశాను. ఐదు మీటర్ల దగ్గర కుడి చెవిలో సూది గుచ్చినట్టైంది, బాగానే ఉందని వేళ్ళు చూపించి కిందికి పోయాను. తర్వాత పది రోజులు ఆ చెవిలో ఎవరో దూది కుక్కినట్టే ఉంది. వైజాగ్‌లో చెవి డాక్టరు లోపల లైటు వేసి చూసి, కర్ణభేరి కమిలిపోయిందయ్యా, ఇంకొంచెం దిగుంటే చిరిగేదన్నాడు. చూసిన చేపలు ఒక్కటీ గుర్తులేదు.

ఈ సైగ నేర్చుకోండి: అరచెయ్యి చాచి అటూ ఇటూ ఊపి, తర్వాత వేలితో చెవి చూపించాలి. ఆయన ఆగుతాడు. ఆగకపోతే చెయ్యి పట్టుకుని మళ్ళీ చూపించండి. మా చిన్న బావ మూడుసార్లు పైకి వచ్చి మళ్ళీ దిగాడు, నాలుగు మీటర్లు చేరడానికే పది నిమిషాలు పట్టింది, చివరికి అంతకన్నా కిందికి పోనన్నాడు. ఆ నాలుగు మీటర్లలోనే సముద్రపు పూల మధ్య దోబూచులాడే నారింజ రంగు నీమో చేపలు, పగడాన్ని కరకర కొరికే చిలక చేపలు అన్నీ చూసి వచ్చాడు. మొదటిసారి దిగేవాళ్ళు చేసే ఈ ట్రై డైవ్‌లో ఎవరినీ 12 మీటర్లకు మించి తీసుకెళ్ళరు, ఎన్ని మీటర్లు దిగావని ఇంటికొచ్చాక అడిగేవాళ్ళూ ఉండరు.

జలుబు, ముక్కు దిబ్బడ ఉంటే డైవ్ మానుకోవాలి. డబ్బు పోతుందని ముక్కు చుక్కలు వేసుకుని దిగేవాళ్ళున్నారు. మందు పని కింద ఉండగానే అయిపోతే చెవిలో గాలి బయటికి రావడానికి దారి ఉండదు, పైకి వచ్చేటప్పుడు నరకం. చెవుల్లో ప్లగ్గులు, దూది పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. వాళ్ళిచ్చే ఆరోగ్యం ఫారంలో ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ అని అన్నీ అడుగుతారు, చదవకుండా అన్నిటికీ లేదు అని గీకి సంతకం పెట్టకండి.

ప్రాక్టీసు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ప్రయాణానికి వారం ముందు నుంచి రోజూ పొద్దునా సాయంత్రం నాలుగైదు సార్లు, మెత్తగా. ఒక చెవి ఎప్పుడూ మొండికేస్తోందని ముందే తెలిస్తే డాక్టరుకి చూపించుకునే టైముంటుంది.

మిగతావి

ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు, ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి వాటినే చీల్చగలదు. పైకి వచ్చేటప్పుడు ముక్కు మూసి ఊదొద్దు, చెవులు వాటంతటవే సర్దుకుంటాయి. బొటనవేలు పైకెత్తితే 'సూపర్' అని కాదు, 'పైకి తీసుకెళ్ళు' అని అర్థం. కెమెరా కనపడగానే మనవాళ్ళు అలవాటుగా వేలెత్తడం, ఇన్‌స్ట్రక్టర్ పైకి తీసుకెళ్ళిపోవడం నేను చాలాసార్లు చూశాను. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. దిగడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు, పూరీ కూర వద్దు. ముందు రాత్రి మద్యం అసలే వద్దు.

పైకి వచ్చాక చెవులు మంచినీళ్ళతో కడిగి, తల వంచి నీళ్ళు పోనివ్వండి. ఇయర్ బడ్ పెట్టి తిప్పొద్దు. దిబ్బడ మర్నాటికీ తగ్గకపోయినా, నొప్పో తల తిరుగుడో ఉన్నా చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆయన సరేననే దాకా మళ్ళీ దిగొద్దు. ఒడ్డున దొరికాయని పగడం ముక్కలు, గవ్వలు బ్యాగులో వేసుకోకండి. పగడాలకి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు తెరిచి అన్నీ తీయిస్తారు, వెనక లైనంతా మిమ్మల్నే చూస్తుంది.