కారు పని నేర్చుకుందాం – 5వ పాఠం: కొత్త ఇన్‌టేక్ బిగించాక ఈసీయూ రీసెట్

పోయిన పాఠంలో కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి కొత్త ఎయిర్ ఇన్‌టేక్ బిగించాం. విప్పేముందు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోమన్నాం: ఇంజన్ పూర్తిగా వేడెక్కి, ఏసీ ఆపేసి ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చూసిన షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు. ఆ కాగితం ఇవాళ కావాలి. రాసుకోనివాళ్లు పాత డబ్బా మళ్లీ బిగించి రాసుకోవడమే నయం. గంట పని పెరుగుతుంది, కానీ ఆ అంకెలు లేకపోతే ఈ పాఠంలో సగం చీకట్లో తడుముకున్నట్టే.

రీసెట్‌తో ఏం పోతుంది, ఏం పోదు

ఇంజన్‌ను నడిపించే కంప్యూటరే ఈసీయూ. అందులో రెండు రకాల లెక్కలుంటాయి. ఒకటి ఫ్యాక్టరీలో రాసి పంపిన పట్టిక: ఇంత గాలి వస్తే ఇంత పెట్రోల్. రెండోది మీ ఇంజన్ నడుస్తూ నడుస్తూ ఆ పట్టికకు రాసుకున్న దిద్దుబాటు. అచ్చమైన పెట్రోల్ గ్రాము కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఆ లెక్క తప్పిందని చెప్పగానే ఈసీయూ అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే సవరణ రోజూ అవసరమవుతుంటే దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, అది లాంగ్ టర్మ్ ట్రిమ్. ప్లస్ ఉంటే పెట్రోల్ పెంచుతోందని, మైనస్ ఉంటే తగ్గిస్తోందని అర్థం.

రీసెట్ చేస్తే ఈ రెండు లెక్కల్లో పోయేది రెండోది మాత్రమే. పలక తుడిచినట్టు. ఫ్యాక్టరీ పట్టిక చెక్కుచెదరదు. కాబట్టి రీసెట్ చేయగానే పికప్ పెరిగిందంటే నమ్మకండి. పాత దిద్దుబాటు పోవడం వల్ల మొదటి రోజు బండి వేరుగా అనిపిస్తుంది, అంతే. అలాగే గొట్టం సైజు తేడా వల్ల వచ్చిన తప్పును రీసెట్ సరిచేయదు. తుడిచిన పలక మీద ఇంజన్ మళ్లీ అదే తప్పు రాస్తుంది.

మీ బండిలో మ్యాఫ్ ఉందా, మ్యాప్ ఉందా?

మ్యాఫ్ సెన్సార్ ఫిల్టర్ దాటగానే గొట్టం మీద కూర్చుని, లోపల వేడి తీగతో గాలి బరువును సెకనుకు ఇన్ని గ్రాములని కొలుస్తుంది. మ్యాప్ సెన్సార్ థ్రాటిల్ (గాలిని ఆపి వదిలే తలుపు) దాటాక, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ మీద ఉండి పీడనం మాత్రమే చూస్తుంది. చాలా చిన్న పెట్రోల్ కార్లలో మ్యాప్ ఒక్కటే ఉంటుంది. అలాంటి బండికి ఇన్‌టేక్ మార్చినా లెక్క పెద్దగా తప్పదు, రీసెట్ చేయకపోయినా నష్టం లేదు. వాళ్లు ఉష్ణోగ్రత సెన్సార్ సంగతి ఒక్కటి చూసుకుంటే చాలు, అది కింద చెప్తాం.

మ్యాఫ్ ఉన్నవాళ్లు మాత్రం ఒక గుణకారం చేయాలి. ఆ సెన్సార్ గొట్టంలో పోయే గాలినంతా చూడదు, తన ముందు నుంచి పోయే కాస్త గాలి వేగాన్ని చూసి మొత్తం అంచనా వేస్తుంది. ఆ అంచనా కంపెనీ గొట్టం సైజుకే సరిపోతుంది. పాత గొట్టం లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, కొత్తది 64 అనుకోండి. 64ను 60తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 1.14. అంటే గాలి పోయే దారి 14 శాతం వెడల్పయింది, అంతే గాలి 12 శాతం నెమ్మదిగా పోతుంది. ఈసీయూ గాలి 12 శాతం తగ్గిందనుకుని పెట్రోల్ కూడా అంత తగ్గిస్తుంది. మిశ్రమం పలచబడుతుంది, ట్రిమ్ ప్లస్ 14 దగ్గరికి ఎక్కుతుంది. కంటికి కనిపించని 4 మిల్లీమీటర్ల తేడా చేసే పని ఇది. మామూలు రన్నింగ్‌లో ట్రిమ్ సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా బళ్లలో ఆక్సిజన్ సెన్సార్ సవరణ ఆగిపోతుంది, అప్పుడు పలచని మిశ్రమంతో ఇంజన్ నాకింగ్ కొడుతుంది. అందుకే మ్యాఫ్ కూర్చునే చోట వ్యాసం కంపెనీ సైజే ఉన్న కిట్ కొనమని మూడో పాఠంలో అన్ని సార్లు చెప్పాం.

తుడిచేముందు చూడాల్సినవి

ఎక్కువమంది పొరపాటు పడేది బ్రీదర్ గొట్టం దగ్గర. వాల్వ్ కవర్ నుంచి వచ్చే ఆ సన్న గొట్టం కొత్త పైపుకు, మ్యాఫ్ దాటాక, బిగించి ఉండాలి. దాన్ని వదిలేసి చిన్న ముద్దు ఫిల్టర్ తగిలిస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, లెక్కలోకి రాని గాలి అక్కడి నుంచి లోపలికి పోతుంది. మిశ్రమం పలచబడిందని చెప్పే పీ0171 తప్పు కోడ్ రావడానికి ఇదొక్కటి చాలు.

మ్యాఫ్ మీది బాణం ఇంజన్ వైపే చూస్తోందా, ఓ-రింగ్ నలగకుండా కూర్చుందా చూడండి. నూనె పట్టించే రకం ఫిల్టరైతే పట్టించిన రోజే బిగించకండి. మిగులు నూనె వేడి తీగ మీద పడితే రీడింగ్ తప్పుతుంది. పడిందనిపిస్తే మ్యాఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడగండి, బ్రేక్ క్లీనర్ వద్దు, గుడ్డతో ముట్టుకోవద్దు, పూర్తిగా ఆరాకే కనెక్టర్ పెట్టండి.

ఇక గాలి ఉష్ణోగ్రత సెన్సార్. కొన్ని బళ్లలో ఇది మ్యాఫ్‌లోనే కలిసి ఉంటుంది, కొన్నింటిలో పాత డబ్బాకు విడిగా గుచ్చి ఉంటుంది. విడిగా ఉన్నదాన్ని కొత్త పైపులోకి మార్చడం మరిచి, ఇంజన్ పక్కన వేలాడదీస్తే అది బానెట్ లోపలి వేడిని చూపిస్తుంది. ఈసీయూ స్పార్క్ టైమింగ్ తగ్గిస్తుంది, పికప్ పోతుంది. స్కానర్‌లో ఆ ఉష్ణోగ్రత మైనస్ 40 చూపిస్తే కనెక్టర్ పెట్టలేదని అర్థం. మే నెల విజయవాడలో మైనస్ 40 రాదు కదా.

రీసెట్: స్కానర్ పద్ధతి

మా ఓటు దీనికే. ఈఎల్‌ఎం327 బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక ఓబీడీ యాప్ (ఈసీయూ అంకెలు చదివేది) చాలు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో అడాప్టర్ పెట్టండి. కీ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. ఇంజన్ నడుస్తుంటే చాలా బళ్లు ఈ ఆజ్ఞ తీసుకోవు. ముందు ఉన్న కోడ్‌లు రాసుకోండి, తర్వాత కోడ్‌లు చెరిపే బటన్ నొక్కండి. కీ తీసి అర నిమిషం ఆగండి. మళ్లీ కీ ఆన్ చేసి లాంగ్ టర్మ్ ట్రిమ్ చూడండి. 0 దగ్గరికి వచ్చిందంటే తుడిచినట్టే. రాకపోతే మీ బండి ఈ మామూలు ఆజ్ఞతో ట్రిమ్ వదలని రకం, దానికి ఆ కంపెనీ మెనూలున్న స్కానర్ కావాలి.

బ్యాటరీ పద్ధతి

స్కానర్ దొరకనప్పుడు ఇది. కీ తీసి, తాళం కారు బయట పెట్టుకుని, ఐదు నిమిషాలు ఆగండి. 10 నంబర్ పానాతో ముందు మైనస్ క్లాంపు విప్పండి. ప్లస్ ముందు విప్పితే పానా పొరపాటున బాడీకి తగిలి నిప్పులు రాలతాయి, అందుకే ఈ వరస. విప్పిన క్లాంపుకు పొడిగుడ్డ చుట్టండి, లేకపోతే తీగ బిగువుకు మళ్లీ వచ్చి తగులుతుంది. ఒక నిమిషం బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుంటే సర్క్యూట్లో మిగిలిన కరెంటు పోతుంది. పదిహేను నిమిషాల తర్వాత బిగించండి. మైనస్ క్లాంపు మీద చిన్న నల్ల సెన్సార్ డబ్బా ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తి లాగొద్దు, విరిగితే ఖర్చు.

దీనితో వచ్చే తలనొప్పులు: గడియారం పోతుంది, కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, ఆటో విండోలు ఒక్క నొక్కుకు పైకి రావు. విండో కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి, బటన్ రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా బళ్లలో అది సర్దుకుంటుంది. స్టీరింగ్ లైట్ వెలిగితే చక్రం ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. ఆటోమేటిక్ గేరు బండైతే గేర్లు మారే తీరు కూడా మరిచిపోయి కొన్నాళ్లు కుదుపులిస్తుంది. వాళ్లు బ్యాటరీ జోలికి పోకపోవడమే మంచిది. కొన్ని కొత్త బళ్లలో అయితే ట్రిమ్‌లు కరెంటు తీసినా పోవు, అప్పుడు ఈ శ్రమంతా వృథా.

ఐడ్లింగ్ మళ్లీ నేర్పడం

తుడిచాక నేరుగా రోడ్డెక్కకండి. హోండా బళ్ల వరస చెప్తాం. ఏసీ, లైట్లు, స్టీరియో అన్నీ ఆపేయండి. కీ ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి స్టార్ట్ చేయండి. న్యూట్రల్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేవరకు లేదా కూలెంట్ 90 డిగ్రీలకు చేరేవరకు ఉంచండి. తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి ఐదు నిమిషాలు ఐడ్లింగ్. ఆ మధ్యలో ఫ్యాన్ తిరిగిన సమయాన్ని ఐదు నిమిషాల్లో లెక్కించకూడదు. వేరే కంపెనీ బండైతే దాని సర్వీస్ మాన్యువల్ వరస పాటించండి. నిస్సాన్‌లో పెడల్‌ను సెకన్ల లెక్కన తొక్కి వదిలే పద్ధతి వేరే ఉంది.

మొదటి కొన్ని నిమిషాలు ఐడ్లింగ్ ఎక్కి దిగడం, ఏసీ వేయగానే ఒకసారి ఇంజన్ ఆగిపోవడం మామూలే. రెండో రోజు కూడా అలాగే ఉంటే మామూలు కాదు.

రోడ్డు మీద

ట్రిమ్ అన్ని స్పీడ్లకూ ఒక్కటి కాదు. ఆర్‌పీఎం, లోడ్ బట్టి గళ్లు గళ్లుగా ఉంటుంది, ఏ గడిలో బండి తిరిగితే ఆ గడే నిండుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో వారం తిప్పినా హైవే గళ్లు ఖాళీగానే ఉంటాయి. అరగంట ఊళ్లో, ఇంకో అరగంట ఓఆర్‌ఆర్ లాంటి ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 80 మధ్య నిలకడగా నడపండి. అప్పుడప్పుడు గేరులో ఉంచే యాక్సిలరేటర్ వదిలి స్పీడు తగ్గనివ్వండి. మొదటి 100 కిలోమీటర్లలో ఫుల్ యాక్సిలరేటర్ వద్దు. పాత అంకెలు రాసినప్పుడు ట్యాంకులో ఏ పెట్రోల్ ఉందో ఇప్పుడూ అదే ఉండాలి. ఇథనాల్ ఎక్కువున్న ఈ20 పోస్తే ట్రిమ్ దానంతటదే కొన్ని శాతం ప్లస్ వైపు జరుగుతుంది, ఆ నింద ఇన్‌టేక్ మీద పడుతుంది.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. రీసెట్‌తో రెడీనెస్ మానిటర్లన్నీ (పొగ తగ్గించే భాగాలను ఈసీయూ తానే పరీక్షించి పెట్టుకున్న గుర్తులు) ఖాళీ అవుతాయి. 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకు అక్కడి పొగ పరీక్ష స్మాగ్ చెక్‌లో ఇవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసేది) ఒక్కటి మాత్రమే నిండకుండా ఉండొచ్చు. కాబట్టి చెక్‌కు ముందు వారంలో ఈ పని పెట్టుకోకండి. ఇన్‌టేక్ మీద కార్బ్ (అక్కడి వాయు కాలుష్య బోర్డు) ఇచ్చే ఈవో అనుమతి నంబర్ లేకపోతే చూపు పరీక్షలోనే ఆపేస్తారు.

అంకెలు చదవడం

పాత కాగితం పక్కన కొత్త అంకెలు రాయండి. రెండు ట్రిమ్‌లూ కూడి చూడాలి. ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఉంటే బాగుంది, 10 వరకు నడుస్తుంది, అది దాటితే వెతకాలి.

ఐడ్లింగ్‌లో ప్లస్ 15 ఉండి, 2500 దగ్గర ప్లస్ 3కు దిగితే ఎక్కడో గాలి లీకు. చిన్న కన్నం నుంచి వచ్చే గాలి ఇంజన్ తక్కువ గాలి పీల్చేటప్పుడు పెద్ద వాటా, ఎక్కువ పీల్చేటప్పుడు లెక్కలోకి రాదు. క్లాంపులు, బ్రీదర్ గొట్టం చూడండి. ఐడ్లింగ్‌లో, 2500 దగ్గర, హైవేలో అన్నిచోట్లా దాదాపు ఒకే ప్లస్ ఉంటే లీకు కాదు, పైన లెక్క కట్టిన గొట్టం వ్యాసమే. స్పీడు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతూ పోతుంటే మ్యాఫ్ మురికి పట్టిందేమో చూసి, తర్వాత ఫ్యూయల్ పంపు వైపు పోవాలి. మైనస్ 10 దాటితే కొత్త పైపు ఇరుకైనదై ఉండొచ్చు.

డీజిల్ బండివాళ్లకు ఈ ట్రిమ్ లెక్క వర్తించదు. అక్కడ మ్యాఫ్ ప్రధానంగా ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, పొగ రాకుండా డీజిల్‌కు హద్దు పెట్టడం కోసం పనిచేస్తుంది. వెడల్పు గొట్టం పెడితే ఈసీయూ గాలి తక్కువుందనుకుని డీజిల్ కోస్తుంది, డబ్బు పెట్టి పికప్ పోగొట్టుకున్నట్టవుతుంది.

వచ్చే పాఠానికి పని: పది రోజులు, రోజూ ఒకే సమయంలో, ఇంజన్ వేడి మీద ఆ నాలుగు అంకెలు రాయండి. మ్యాఫ్ ఉన్నవాళ్లు ఐడ్లింగ్‌లో గ్రాముల రీడింగ్ కూడా. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్‌కు అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఆ కాగితంతోనే ఆరో పాఠంలో ఫుల్ లోడ్ లాగ్ మొదలుపెడతాం.