ఆర్‌సీ సీప్లేన్ కిట్: నీటి మీద మొండికేస్తే ఎక్కడ వెతకాలి, ఎక్కడ బలపరచాలి

కింద చెప్పేవన్నీ ఒక రకం ఆర్‌సీ (రేడియో కంట్రోల్) మోడల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. బాల్సా (తేలికపాటి చెక్క), ప్లై కిట్. రెక్క పొడవు 1500 మి.మీ., ఎగిరే బరువు 2 కిలోల దగ్గర. పొట్టే పడవ, అంటే హల్. మోటారు రెక్క మీద నిలిచిన స్తంభానికి, అంటే పైలాన్‌కు, బిగించి ఉంటుంది, ముందుకు లాగుతుంది. రెక్క చివరల కింద చిన్న ఫ్లోట్లు. థర్మోకోల్ హల్ ఉన్న కిట్లకూ చాలావరకు ఇవే వర్తిస్తాయి, తేడా ఉన్నచోట చెప్పాం.

నీటి మీద బయటపడే లోపాల్లో ఎక్కువ భాగం ఉప్పుకాగితం చేతిలో ఉన్నప్పుడే పుడతాయి. ఇంకొన్ని, బలంగా ఉండాలని కనిపించిన చోటల్లా రెజిన్ పులమడం వల్ల వస్తాయి. అందుకే ఏ సమస్యకైనా ముందు రెండు కొలతలు తీయండి: నీటిలో దించే ముందు బరువు, బయటకు తీశాక బరువు. 30 గ్రాములు పెరిగిందంటే కింద చెప్పిన మిగతావి చూసే ముందు లీకు సంగతి తేల్చుకోవాలి.

వేగం అందుకుంటుంది, నీటిని మాత్రం వదలదు

ఫుల్ థ్రాటిల్‌లో పరుగెడుతుంది, ముక్కు ఎత్తుతుంది, అక్కడితో ఆగిపోతుంది. అందరూ ముందు మోటారును అనుమానిస్తారు. వాట్‌మీటర్ పెట్టి చూడండి. కిలో బరువుకు 300 వాట్లు దాటుతుంటే మోటారు తప్పు కాదు, హల్‌ను తిరగేసి స్టెప్ అంచు చూడండి.

హల్ అడుగు మధ్యలో మెట్టులా తెగిన చోటే స్టెప్. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ఎగిరిన ట్విన్ ఆటర్ ఫొటోల్లో దాని ఫ్లోట్ల అడుగున కూడా ఈ మెట్టు ఉంటుంది. నీరు అక్కడ అడుగును విడిచిపెట్టాలి, ఆ ఖాళీలోకి గాలి రావాలి. అంచు గుండ్రంగా ఉంటే నీరు దాన్ని అంటుకునే వంపు తిరిగి, వెనక భాగాన్ని కిందికి పీలుస్తుంది. 1 మి.మీ. గుండ్రం కూడా ఎక్కువే. గోరు పెట్టి లాగితే అంచుకు తట్టుకుని ఆగాలి, జారిపోకూడదు.

అంచు గుండ్రం కావడానికి మామూలు కారణం, ఫైబర్‌గ్లాస్ గుడ్డను స్టెప్ మీదుగా మడిచి కిందికి అంటించడం. గుడ్డ పదునైన మూల తిరగదు కనుక, తిరగడానికి వీలుగా మనమే మూలను అరగదీస్తాం. అలా చేయకుండా గుడ్డను స్టెప్ దాటి 10 మి.మీ. గాల్లో వేలాడనివ్వండి. రెజిన్ గట్టిపడ్డాక కొత్త బ్లేడుతో అంచు వెంట కోసేయండి. ఇప్పటికే గుండ్రమైతే స్టెప్ నిలువు ముఖానికి మైనం పూసిన ప్లాస్టిక్ పట్టీని అంచు వరకు అంటించి, మూలలో ఎపాక్సీ, మైక్రోబెలూన్ల (సన్నని బోలు గోళాల పొడి) ముద్ద నింపండి. ఆరాక పట్టీ తీసి, అడుగును మాత్రం చదునైన చెక్కకు చుట్టిన 240 నంబరు ఉప్పుకాగితంతో రుద్దండి. చేతివేళ్లతో రుద్దితే మళ్లీ గుండ్రమే.

స్టెప్ లోతూ చూసుకోండి. హల్ వెడల్పు 120 మి.మీ. అయితే 8 నుంచి 10 మి.మీ. కావాలి. ప్లాన్‌లో అంతే ఉన్నా వెనక అడుగున ఫిల్లర్, రంగు పేరుకుని తగ్గిపోతుంది.

అంచు పదునుగా, లోతు సరిగా ఉండి కూడా లేవకపోతే ఆ రోజు నీరు చూడండి. గాలి లేక అద్దంలా ఉన్న చెరువులో మంచి మోడల్ కూడా అతుక్కుంటుంది. ముందు ఒక చుట్టు వేగంగా తిప్పి, లేచిన అలల మీదుగా పరుగు తీయించండి.

పరుగులో ముక్కు పైకీ కిందికీ ఎగిరిపడుతుంది

పోర్పాయిజింగ్ అంటారు. మూడు నాలుగు ఊపులకు మించనివ్వకండి, థ్రాటిల్ తగ్గించేయండి. అయిదో ఊపు ముక్కును నీటిలో గుచ్చుతుంది.

మొదటి కారణం చేతిలోనే ఉంటుంది: ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) పైకి లాగి అలాగే పట్టుకోవడం. హల్ నీటి మీదికి ఎక్కేదాకా లాగాలి, ఎక్కిన వెంటనే దాదాపు మధ్యకు వదిలేయాలి.

రెండోది సీజీ (మోడల్ బరువు కేంద్రం) వెనక్కు జరగడం. తోకలో ఫిల్లర్, గుడ్డ, రంగు కలిసి 20 గ్రాములు పెరిగాయనుకుందాం. తోక సీజీకి 600 మి.మీ. వెనక, బ్యాటరీ 250 మి.మీ. ముందు ఉంటే, దాన్ని సరిచేయడానికి ముక్కులో 48 గ్రాములు పెట్టాలి. మొత్తం 68 గ్రాములు ఉత్తి పుణ్యానికి మోయాలన్నమాట. తోక మీద ఇస్త్రీతో అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్ చాలు, గుడ్డ వేయకండి. సీజీ నుంచి స్టెప్ 10 నుంచి 25 మి.మీ. వెనక ఉండాలి. దూరం ఇంతకంటే తక్కువైతే ఈ ఊపు మొదలవుతుంది. మరీ ఎక్కువైతే ముక్కు లేవడానికే మొరాయిస్తుంది. బ్యాటరీని ఒక్కోసారి 5 మి.మీ. చొప్పున ముందుకు జరిపి చూడండి.

మూడో కారణాన్ని చాలామంది వెతకనే వెతకరు. స్టెప్‌కు ముందు 100 మి.మీ. మేర అడుగు పొడవునా తిన్నగా ఉండాలి. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కింద సందు కనిపించకూడదు. ఫార్మర్ల (హల్ లోపలి అడ్డ చట్రాలు) మధ్య బాల్సా షీటు లోపలికి కుంగితే ప్రతి ఫార్మర్ దగ్గరా ఎత్తు, మధ్యలో గుంత. బక్కగొడ్డు పక్కటెముకల్లాంటి ఆ అడుగు మీద ఏ సర్దుబాటూ పనిచేయదు. గుంతల్ని మైక్రోబెలూన్ ముద్దతో నింపి పొడవాటి చెక్కతో రుద్దండి. కిట్ ఇంకా విప్పకపోతే ఇంకా మేలు: షీటు వేసే ముందే ఫార్మర్ల మధ్య 5 x 3 మి.మీ. స్ప్రూస్ చెక్క పుల్లలు రెండేసి పెట్టండి.

దిగేటప్పుడు అడుగు పగులుతుంది

పగులు ఎక్కువగా స్టెప్‌కు ముందు, ఫార్మర్ అంచు వెంట వస్తుంది. దెబ్బ అక్కడే పడుతుంది, బలం అక్కడే కావాలి.

హల్ అంతటికీ 25 గ్రాముల (చదరపు మీటరుకు) ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఒక పొర. అడుగుకు, ముక్కు నుంచి స్టెప్ వరకు, దాని మీద 49 గ్రాముల గుడ్డ ఇంకో పొర. కీల్ (అడుగు మధ్య గీత) వెంట, గుడ్డ కింద, 3 x 0.5 మి.మీ. కార్బన్ పట్టీ. లెక్క వేయండి: హల్ బయటి వైశాల్యం 0.4 చదరపు మీటర్లయితే మొదటి పొర గుడ్డ 10 గ్రాములు, అడుగు 0.12 చదరపు మీటర్లయితే రెండోది 6 గ్రాములు. రెజిన్ కూడా దాదాపు అంతే బరువు పట్టాలి. పట్టీతో కలిపి 35 గ్రాములకు అటూ ఇటూ. మీ తక్కెడ 80 చూపిస్తోందంటే రెజిన్ ఎక్కువైంది. ఎక్కువైన రెజిన్ వల్ల బలం రాదు, పెళుసుదనం వస్తుంది.

గుడ్డను పొడిగా పరిచి, ముడతలు చేత్తో సరిచేసి, వంపులున్న ముక్కు దగ్గర 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి వేయండి. రెజిన్‌ను బరువు చూసి కలపండి. ‘కంటి అంచనా’ చాలదు. మధ్యలో పోసి పాత ఏటీఎం కార్డుతో అంచులకు లాగండి. నేత కనిపిస్తూ, మెరుపు లేకుండా ఉండాలి. మెరుస్తున్న చోట టాయిలెట్ పేపర్ చుట్టను దొర్లించి పీల్చేయండి. 24 గంటలు ఆరాక నేత సందులు నిండేలా పల్చగా ఇంకో పూత.

వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, ఆరిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర తేలుతుంది. దాని మీద రెండో పూత వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు రుద్దండి. ఉప్పుకాగితంతో నేరుగా రుద్దితే ఆ జిడ్డు లోపలికి పోతుంది.

ఫైబర్‌గ్లాస్ దుకాణంలో రెజిన్ అడిగితే ముందు చేతికిచ్చేది పాలిస్టర్ రెజిన్. థర్మోకోల్ హల్ మీద పోస్తే నిమిషాల్లో గుంత పడి కరిగిపోతుంది. లామినేటింగ్ ఎపాక్సీ అని పేరు పెట్టి అడగండి. మామూలు ఫెవిక్విక్ కూడా థర్మోకోల్‌ను తినేస్తుంది. అరాల్డైట్ స్టాండర్డ్ అతుకులకు బాగుంటుంది కానీ గుడ్డ వేయడానికి మరీ చిక్కన.

రెక్క ఒక పక్కకు వాలి గిర్రున తిరుగుతుంది

థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే ప్రొపెల్లర్ టార్క్ ఎడమ ఫ్లోట్‌ను నీటిలోకి నొక్కుతుంది. మూడు నాలుగు సెకన్లలో నెమ్మదిగా తెరవండి, కుడి ఐలరాన్ (మోడల్‌ను పక్కకు వాల్చే రెక్క పలక) కొద్దిగా ఇవ్వండి. అప్పటికీ ఆగకపోతే ఫ్లోట్ కోణం కొలవండి. దాని అడుగు హల్ అడుగు కంటే 2, 3 డిగ్రీలు ముక్కు పైకి ఉండాలి. సమాంతరంగానో ముక్కు కిందికో ఉంటే నీటిని తాకగానే లేవాల్సింది పోయి దూరుతుంది. ఎత్తు సంగతి: ఒక ఫ్లోట్ నీటిని తాకినప్పుడు రెండోది 10 నుంచి 15 మి.మీ. పైన ఉంటే చాలు.

ఇక్కడ ఒక మాట. ఫ్లోట్ ఊడిపోతోందని దాన్ని కార్బన్ ట్యూబుతో రెక్కకు శాశ్వతంగా బిగించేవాళ్లున్నారు. తర్వాతి దెబ్బకు ఫ్లోట్ నిలుస్తుంది, రెక్క స్పార్ (పొడవునా ఉండే దూలం) విరుగుతుంది. ఫ్లోట్‌ను ఎం3 నైలాన్ బోల్టులు రెండింటితో బిగించండి, విరగాల్సింది అవే. బలం పెంచాల్సింది రెక్క లోపల బోల్టు పట్టే చోట: స్పార్‌కు ఆనుకుని, రెండు రిబ్బుల (రెక్క అడ్డ ముక్కలు) మధ్య 3 మి.మీ. ప్లై ముక్క.

థ్రాటిల్ ఇస్తే ముక్కు కిందికి, తీస్తే పైకి

మోటారు సీజీకి పైన ఉంది కనుక ఇది సహజం, కొంత ఎప్పుడూ ఉంటుంది. ముందుకు లాగే మోటారైతే దాని ముక్కును కొద్దిగా పైకి ఎత్తితే తగ్గుతుంది. బోల్టు రంధ్రాల మధ్య 30 మి.మీ. ఉంటే కింది బోల్టుల దగ్గర 1 మి.మీ. వాషర్ దాదాపు 2 డిగ్రీలు ఇస్తుంది. వెనక నుంచి నెట్టే మోటారుకు ఇది తిరగబడుతుంది కాబట్టి అక్కడ ప్లాన్ కోణమే పాటించండి. మిగిలిన దాన్ని రేడియోలో మిక్స్‌తో తీయండి: ఫుల్ థ్రాటిల్‌కు ఎలివేటర్ 5 శాతం పైకి, అక్కడి నుంచి పెంచుకుంటూ. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసేస్తే ముక్కు లేచి వేగం పడిపోతుంది. నీటిని తాకేదాకా మోటారు కొంచెం నడుస్తూనే ఉండాలి.

పైలాన్ ఊగితే కోణాలన్నీ వృథా. దాని ప్లై రెక్క పైషీటు మీద ఆగిపోకుండా రెండు స్పార్ల దాకా దిగాలి. రెండు పక్కలా 49 గ్రాముల గుడ్డను పైలాన్ మీదుగా రెక్క మీదికి 40 మి.మీ. పరచండి.

ప్రొపెల్లర్‌లో నీటి జల్లు

పరుగు మొదట్లో మోటారు శబ్దం దిగి మళ్లీ లేస్తుంది, ప్రొపెల్లర్ కొసలు చిట్లుతాయి. కారణం, హల్ పక్క అంచులు గుండ్రంగా ఉండడం. 1 మి.మీ. ప్లాస్టిక్ పట్టీని ముక్కు నుంచి స్టెప్ వరకు, అంచు నుంచి 4 మి.మీ. కిందికి పొడుచుకు వచ్చేలా అంటించండి.

హల్‌లోకి నీరు

రెక్క కూర్చునే చోట టేపు వేసి, లోపలికి ఒక గొట్టం పెట్టి ఊదుతూ బయట సబ్బునీళ్లు బ్రష్‌తో పూయండి. బుడగ వచ్చిన చోటే రంధ్రం. ఎక్కువగా దొరికేవి తోక పుష్‌రాడ్లు (తోక పలకలను కదిపే కడ్డీలు) బయటకు వచ్చే చోటు, హ్యాచ్ (హల్ మూత) మూలలు. పుష్‌రాడ్ గొట్టం బయటి కొసను నీటిమట్టానికి బాగా పైకి తెచ్చి, లోపల సిలికాన్ గ్రీజు కూరండి. హ్యాచ్‌కు చుట్టూ అతుకు లేకుండా ఒకే ముక్క ఫోమ్ టేపు. అడుగున ఫిల్మ్ అతుకులు వద్దు, ఎంత బాగా ఇస్త్రీ చేసినా పరుగులో లేస్తాయి. అతుకులకు మామూలు ఫెవికాల్ వాడితే నానుతుంది, ఫెవికాల్ మెరైన్ గానీ నెమ్మదిగా ఆరే ఎపాక్సీ గానీ వాడండి.

ఎంత చేసినా చుక్కలు వస్తాయి. ఫార్మర్ల అడుగు మూలల్లో 5 మి.మీ. రంధ్రాలు పెట్టి నీరంతా తోక వైపు ఒకే చోటికి చేరేలా చేసి, అక్కడ రబ్బరు బిరడా పెట్టండి. ప్రతి ఫ్లైటు తర్వాత బిరడా తీసి చూడాలి. వెనక చేరిన 50 గ్రాముల నీరు సీజీని మార్చేస్తుంది, అదీ గాల్లోకి లేచాకే తెలుస్తుంది.

సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) వణుకుతాయి, మోటారు ఆగి ఆగి తిరుగుతుంది

రిసీవర్, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించేది) బోర్డులకు యాక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగ్ (చెమ్మ తగలకుండా బోర్డు మీద వేసే పల్చని పూత) రెండు పూతలు. ప్లగ్గు పిన్నుల మీద, బారోమీటర్ రంధ్రం మీద పడకుండా టేపు వేయాలి. బెలూన్‌లో చుట్టి ముడివేసే పాత పద్ధతిలో నీరు లోపలికి వెళితే బయటకు రాదు, ఉక్కకు చెమ్మ కూడా పడుతుంది. కోటింగే మేలు. ఈఎస్‌సీని మూసిన హల్‌లో పెడితే ఎండాకాలంలో వేడెక్కి కటాఫ్ అవుతుంది. పైలాన్‌లో, గాలి తగిలే చోట పెట్టండి. సర్వో షాఫ్ట్ చుట్టూ సిలికాన్ గ్రీజు పూయండి.

చెరువు నీరు తగిలితే ఆరబెట్టి, మోటారు బేరింగులకు ఒక్కో చుక్క నూనె వేస్తే సరిపోతుంది. సముద్రపు నీరైతే బ్యాటరీ ముందు తీసేయండి. తడిసిన బోర్డును డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఒక రోజు ఆరనివ్వండి. ముందు ఆరబెట్టి తర్వాత కడుగుదామనుకుంటే ఉప్పు అప్పటికే రాగిని పచ్చగా తింటూ ఉంటుంది. ఉప్పునీటిలో మునిగిన లిపో బ్యాటరీని మాత్రం ఇంట్లోకి తేకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి.