బ్రెగ్జిట్ మీద వాదించాలంటే ముందు ఒక మనిషిని ఎంచుకోండి

“బ్రెగ్జిట్ వల్ల పౌరుల హక్కులకు నష్టం జరిగింది” అన్న అంశం చేతికి రాగానే మా విద్యార్థులు చేసే మొదటి పని అంకెలు కంఠస్థం చేయడం. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణ. ఐరోపా సమాఖ్య నుంచి వెళ్ళిపోదామన్నవారు 51.9 శాతం, ఉండిపోదామన్నవారు 48.1 శాతం. 2020 జనవరి 31 రాత్రి బ్రిటన్ బయటికి వచ్చింది, ఆ ఏడాది చివరిదాకా పాత నియమాలే నడిచాయి. ఇవి రావాల్సిందే. కానీ అవతలి జట్టుకూ ఇవే వస్తాయి కదా. దేవరకొండలో చాలాకాలం పౌరశాస్త్రం చెప్పి, ఇప్పుడు నల్లగొండలో ఆదివారాలు డిగ్రీ పిల్లలను చర్చా పోటీలకు తయారుచేస్తున్నాను. వాళ్ళకు నేను నేర్పే పద్ధతి వేరు. అదే ఇక్కడ రాస్తున్నాను.

వేదిక ఎక్కేముందు ఒక మనిషిని ఎంచుకోండి. ఊహించిన మనిషైనా ఫరవాలేదు. కానీ ఆమె ఏ దేశ పౌరురాలు, ఎక్కడ ఉంటోంది, ఎప్పటి నుంచి ఉంటోంది, ఏ హక్కు గురించి మాట్లాడుతున్నాం అన్న నాలుగూ తేలాలి. బ్రెగ్జిట్ ఒకటే అయినా అది ఒక్కొక్కరికి ఒక్కోలా తగిలింది. 2012 నుంచి లెస్టర్‌లో ఉంటున్న పోలండ్ నర్సు గడువులోగా దరఖాస్తు పెట్టుకుని ఉంటే ఉన్నచోటే ఉండవచ్చు. స్పెయిన్‌లో స్థిరపడిన బ్రిటిష్ పెద్దాయన అక్కడే ఉండవచ్చు, కానీ రేపు పోర్చుగల్‌కు మకాం మార్చే హక్కు ఆయనకు లేదు. లండన్‌లోని ఐర్లండ్ పౌరుడికి దాదాపు ఏ మార్పూ లేదు, ఎందుకంటే ఆ రెండు దేశాల మధ్య రాకపోకల ఏర్పాటు ఐరోపా సమాఖ్య కన్నా పాతది. బర్మింగ్‌హాంలో పుట్టి పెరిగిన కుర్రవాడు మాత్రం తక్కిన 27 దేశాల్లో ఎక్కడైనా చదువుకుని, ఉద్యోగం చేసుకుని బతికే హక్కును ఇల్లు కదలకుండానే పోగొట్టుకున్నాడు. ఇప్పుడు వీసా లేకుండా వెళ్తే షెంజెన్ దేశాల్లో, అంటే తమలో తమకు సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాల్లో, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండలేడు. “పౌరుల హక్కులు పోయాయి” అని గంపగుత్తగా అంటే అవతలివాళ్ళు ఐర్లండ్ పౌరుణ్ణి ముందుకు తెస్తారు. మీ వాదన అక్కడే ఆగిపోతుంది.

నా మాట వింటే ఓటుతో మొదలుపెట్టండి. 2016లో ఆ పోలండ్ నర్సుకు ఓటు లేదు. అదే ఇంట్లో పక్క గదిలో అద్దెకుంటున్న మన మిర్యాలగూడ విద్యార్థి ఓటరుగా నమోదై ఉంటే అతనికి ఓటు ఉంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ పౌరులకు ఆ దేశం ఓటు ఇస్తుంది, భారత్ కామన్వెల్త్‌లో ఉంది. సమాఖ్య దేశాల పౌరుల్లో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వారికి మాత్రమే ఆ అవకాశం దక్కింది. పదిహేనేళ్ళకు మించి విదేశాల్లో ఉన్న బ్రిటిష్ పౌరులకూ ఓటు లేకపోయింది. ఏ తీర్పు ఎవరి బతుకును నేరుగా మార్చబోతోందో వాళ్ళలోనే లక్షల మందిని అడగలేదన్నమాట. మన ప్రాంతం శ్రోతల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. చెప్పగానే హాలు మీ వైపు తిరుగుతుంది.

దీనికి కొనసాగింపుగా ఫ్రాన్స్ కేసు చెప్పవచ్చు. 1984 నుంచి ఫ్రాన్స్‌లో ఉంటున్న ఒక బ్రిటిష్ మహిళ పేరును బ్రెగ్జిట్ తర్వాత అక్కడి స్థానిక ఎన్నికల ఓటరు జాబితా నుంచి తీసేశారు. పదిహేనేళ్ళ నిబంధన వల్ల ఆమెకు అప్పటికే బ్రిటన్‌లో ఓటు లేదు. 2022 జూన్‌లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఆమెకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది. సమాఖ్య పౌరసత్వం సభ్యదేశ పౌరసత్వానికి అంటిపెట్టుకుని ఉంటుంది, దేశం బయటికి పోతే అదీ పోతుంది అని. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే చోట కాపురమున్న మనిషికి ఏ దేశంలోనూ ఓటు లేని పరిస్థితి. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. అయితే పదిహేనేళ్ళ నిబంధనను బ్రిటన్ 2024 జనవరి నుంచి ఎత్తేసిందని కూడా మీరే చెప్పండి. మీరు దాచారని అవతలివాళ్ళు బయటపెడితే అంతకుముందు చెప్పినదంతా పలుచనైపోతుంది.

ఇక అసలు బలమున్న చోటు కాగితం. మీకిచ్చిన సమయంలో సగం ఇక్కడే ఖర్చుపెట్టండి.

చందంపేట వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు దీన్ని నాకన్నా త్వరగా పట్టుకుంటారు. పోడు భూమి సంగతే తీసుకోండి. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిని సాగుచేసుకుంటున్న గిరిజన కుటుంబానికి హక్కు ఉందని, దాన్ని గుర్తించడమే తన పని అని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతుంది. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని కూడా అందులో ఉంది. హక్కు ముందు, పట్టా తర్వాత. అలా కాక పట్టా చేతికొచ్చిన రోజే హక్కు పుడుతుంది, ఫలానా తేదీలోగా అడగనివాడికి ఏమీ లేదు అంటే? చదువురాని అవ్వ, వలసపోయిన కొడుకు, కబురు అందని ఇల్లు, అందరూ ఆక్రమణదారులైపోతారు.

బ్రిటన్, ఐరోపా సమాఖ్య కుదుర్చుకున్న వైదొలగే ఒప్పందం ఈ రెండు దారులనూ తెరిచి ఉంచింది. జర్మనీ, స్పెయిన్, ఇటలీ మొదటి దారి పట్టాయి. తమ గడ్డ మీద ఉన్న బ్రిటిష్ వారికి హక్కు దానంతటదే ఉంటుంది, కార్డు దానికి రుజువు. బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ రెండో దారి పట్టాయి. దరఖాస్తు చేసుకుని హోదా పొందితేనే హక్కు. బ్రిటన్‌లో ఆ పథకాన్ని 2019 మార్చిలో పూర్తిగా తెరిచారు. అయిదేళ్ళ నివాసం ఉన్నవారికి ‘సెటిల్డ్’ హోదా, అంతకన్నా తక్కువుంటే ‘ప్రీ సెటిల్డ్’. మొదట 65 పౌండ్ల రుసుము అన్నారు, విమర్శలు రావడంతో అప్పటి ప్రధాని థెరిసా మే దాన్ని రద్దు చేశారు. గడువు 2021 జూన్ 30. ఆ తేదీకల్లా 60 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతకుముందు అందరూ చెప్పుకున్న అంచనా 30 లక్షల పైచిలుకు. ఈ అంకె చెప్పేటప్పుడు జాగ్రత్త: దరఖాస్తులు వేరు, మనుషులు వేరు, ఒకరే రెండుసార్లు పెట్టుకున్నవీ అందులో ఉన్నాయి. అయినా తన దేశంలో ఎవరు ఎంతమంది ఉంటున్నారో ప్రభుత్వం దగ్గర లెక్క లేకుండానే ఇదంతా మొదలైందని చెప్పడానికి ఆ అంకె చాలు.

గడువు దాటినవారి మాట ఏమిటని తప్పకుండా అడుగుతారు. తగిన కారణం చూపితే ఆలస్యంగా వచ్చిన దరఖాస్తునూ తీసుకుంటారు. తగినదో కాదో తేల్చేది మాత్రం అధికారే. ఇలాంటప్పుడు వెనకబడేది ఎవరు? వృద్ధాశ్రమంలో మతిమరుపుతో ఉన్న పెద్దావిడ, ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లవాడు, నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను, నాకెందుకు దరఖాస్తు అనుకున్న మేస్త్రి. ఊహ అంటారేమో, 2018లో బయటపడిన విండ్‌రష్ వ్యవహారాన్ని గుర్తుచేయండి. 1973కు ముందు కరీబియన్ దీవుల నుంచి హక్కుతో వచ్చి స్థిరపడినవారిని, చేతిలో కాగితం లేదన్న కారణంతో ఉద్యోగాల నుంచి తొలగించారు, వైద్యం నిరాకరించారు, కొందరిని దేశం నుంచే పంపించేశారు.

ప్రీ సెటిల్డ్ హోదావారు గడువులోగా రెండోసారి దరఖాస్తు పెట్టకపోతే హక్కులన్నీ పోతాయన్న నియమాన్ని 2022 డిసెంబర్‌లో హైకోర్టు తప్పుపట్టింది. కేసు వేసింది ఎవరో తప్పకుండా చెప్పండి. ఒప్పందం అమలును కనిపెట్టుకుని ఉండేందుకు బ్రిటనే ఏర్పాటుచేసిన ఇండిపెండెంట్ మానిటరింగ్ అథారిటీ. తన ప్రభుత్వం మీదే కోర్టుకెక్కి గెలిచింది.

ఆ హోదా చేతికి ఎలా వస్తుందో కూడా శ్రోతలకు చూపించండి. ముద్ర వేసిన కాగితమంటూ ఏదీ ఇవ్వరు. ఇల్లు అద్దెకు కావాలనుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ కొట్టాలి. ఫోనుకు వచ్చిన అంకెలు వేయాలి. ఎందుకోసమో ఎంచుకుంటే తొమ్మిది అక్షరాల ‘షేర్ కోడ్’ వస్తుంది. పనికోసమైతే డబ్ల్యూతో, అద్దెకోసమైతే ఆర్‌తో మొదలవుతుంది. 90 రోజులు పనిచేస్తుంది. దాన్ని, పుట్టిన తేదీని ఇంటి యజమానికిస్తే ఆయన తన కంప్యూటర్‌లో ఫొటో, హోదా చూసుకుంటాడు. సర్వర్ పనిచేయని రోజున, పాత ఫోన్ నంబరు పోయిన రోజున ఆ మనిషి చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. ఐరోపావారితో మొదలైన ఈ పద్ధతే ఇప్పుడు మన పిల్లలకూ వచ్చింది. నివాస కార్డుల స్థానంలో ఈ-వీసా వచ్చాక హాట్‌ఫీల్డ్‌లో చదివే సూర్యాపేట అమ్మాయి కూడా అదే కోడ్ పంపించాలి. హాల్లో ఎవరింట్లోనైనా బ్రిటన్‌లో చదివేవాళ్ళు ఉంటే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు అవతలి పక్షం. దాన్ని బలహీనంగా ఊహించుకుని వెళ్ళకండి. వాళ్ళ దగ్గర మంచి సరుకు ఉంది. 72 శాతం మంది ఓటు వేసి తేల్చుకున్న విషయం అది, తమ దేశంలోకి ఎవరు రావాలో నిర్ణయించుకునే అధికారం పార్లమెంటుకు ఉండాలనడం న్యాయమైన కోరికే. భారతీయుల వైపు నుంచి ఇంకో మాట ఉంది: పాత పద్ధతిలో ఐరోపావారు వీసా లేకుండా వచ్చేవారు, మన ఇంజినీరు వీసా కోసం తిప్పలు పడేవాడు, 2021 జనవరి 1 నుంచి ఇద్దరికీ ఒకే నియమం. 1992 నాటి సురీందర్ సింగ్ కేసు కూడా తేవచ్చు. ఆయన భారతీయుడు, భార్య బ్రిటిష్ పౌరురాలు. ఇద్దరూ జర్మనీలో పనిచేసి తిరిగివచ్చారు కాబట్టి ఐరోపా చట్టం కింద ఆయనకు బ్రిటన్‌లో ఉండే హక్కు వస్తుందని న్యాయస్థానం తేల్చింది. దేశం దాటకుండా ఉన్న బ్రిటిష్ పౌరురాలి భర్తకు ఆ దారి లేదు. ఇదేం సమానత్వం అని వాళ్ళు అడిగితే ఆ ప్రశ్నలో పస ఉందని ఒప్పుకోండి.

ఒప్పుకున్నాక అడగండి: ఒకే నియమం వచ్చింది సరే, దానివల్ల మనవాళ్ళకు దక్కింది హక్కా, అనుమతా? పోలండ్ నర్సుకు ఒకప్పుడు ఉన్నది ఐరోపా సమాఖ్య ఒప్పందాల నుంచి వచ్చి బ్రిటన్ చట్టంలో చేరిన హక్కు. దాన్ని తీసేసే ప్రక్రియ మొదలుపెట్టడానికే పార్లమెంటు చట్టం చేయాలని 2017 జనవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు, జినా మిల్లర్ అనే మహిళ ప్రభుత్వం మీద వేసిన కేసులో 8-3తో చెప్పింది. చట్టం ఇచ్చిన హక్కును మంత్రులు తమంతట తాము తీయలేరన్నది ఆ తీర్పు సారం. మన ఇంజినీరుది వీసా. నిపుణుల వీసాకు కావలసిన సాధారణ జీతం 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లు అయింది, 2025 జూలైలో 41,700 అయింది. వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు వెళ్ళినవారు భార్యాబిడ్డలను తీసుకెళ్ళడం 2024 మార్చిలో ఆగింది, 2025 జూలైలో ఆ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. నియమాలు మారితే చాలు, అప్పు చేసి ప్రయాణానికి సిద్ధమైన మనిషి ఆగిపోవాల్సిందే. ఐరోపావారిని మన స్థాయికి దించారు, మనల్ని పైకి తేలేదు. నేను ఈ పక్షాన నిలబడటానికి కారణం ఇదే.

మన దగ్గర ఎవరో ఒకరు “తెలంగాణ విడిపోయినట్టే కదా” అంటారు. మీరుగా ఆ పోలిక తేవద్దు. వాళ్ళు తెస్తే మాత్రం వదలకండి. 2014 జూన్ 2న ఎవరి పౌరసత్వమూ మారలేదు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన స్వేచ్ఛతో పాలమూరు కూలీ ముంబైకీ వెళ్ళవచ్చు, విజయవాడకూ వెళ్ళవచ్చు. మారింది చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికత. ఆ ఒక్కదానికే, తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్ళేవారికోసం రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి గడువు రాయాల్సి వచ్చింది, ఆ గడువును పొడిగించాల్సి వచ్చింది. ముల్కీ ఉద్యమాలు చూసిన నేల ఇది, స్థానికత అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. స్థానికత ఒక్కటి మారినప్పుడే ఇంత జాగ్రత్త కావలసివస్తే, పౌరసత్వంలో ఒక పొర మొత్తం పోయినప్పుడు ఎంత కావాలి అని తిప్పి అడగండి.

చివరగా, అంకెలు రాసుకుని వేదిక మీదికి తీసుకెళ్ళే చీటీల సంగతి. వీసా నియమాలు ఏడాదిలో రెండు మూడుసార్లు కూడా మారుతున్నాయి. పోటీకి ముందు రోజు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రతి అంకెనూ సరిచూసుకుని, దాని పక్కనే నెల, సంవత్సరం రాసుకోండి. న్యాయనిర్ణేత నిలదీస్తే “ఫలానా నెల నాటికి ఇది” అని తేదీతో సహా చెప్పండి.