తీరం వెంట తీరిగ్గా తిరిగే ముందు: జాగ్రత్తలు

ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి, సామాన్ల సంగతి తర్వాత. ఆటు వేళ రాళ్ల మధ్య నీటిగుంటల్లో పీతలు, నక్షత్ర చేపలు బాగా కనిపిస్తాయి. వాటిని చూస్తూ ఉండిపోతే కష్టం: చాలా తీరాల్లో నీరు పూర్తిగా తీశాక సుమారు 6 గంటల్లో మళ్లీ నిండు పోటు. అమావాస్యకు, పౌర్ణమికి ఇంకా పైకొస్తుంది. నిన్నటి టైము ఇవాళ పనికిరాదు, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. తిరిగొచ్చే దారి మునగకముందే వెనుదిరగాలి.

• ఒడ్డున పడున్న జెల్లీ చేపను ముట్టుకోవద్దు. చచ్చినా కుడుతుంది.

• పొడి ఇసుకలో చూసి అడుగేయండి. కొన్ని పక్షులు గూడు కట్టవు, చిన్న గుంటలోనే గుడ్లు పెడతాయి. మచ్చల గుడ్డు అచ్చం గులకరాయే. పక్షి అరుస్తూ మీ చుట్టూ తిరుగుతోందా? ఫోటో తర్వాత, ముందు పక్కకు తప్పుకోండి.

• శంఖం ఏరేముందు తిరగేసి చూడండి, లోపల సన్యాసి పీత కాపురం ఉండొచ్చు (పేరుకే సన్యాసి!).

• తాబేళ్లు గుడ్లు పెట్టే చోట రాత్రిపూట ఫ్లాష్, టార్చి వద్దు.

• నీళ్లు, టోపీ ఎలాగూ తెచ్చుకుంటారు. పాచి రాళ్ల మీద మాత్రం హవాయి చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.

• నీటి ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.