ఏమీ జరగని కథ చెబితే పిల్లలు త్వరగా నిద్రపోతారు

కథ చెప్పి పడుకోబెడదామంటే మా నాలుగేళ్ల పాప లేచి కూర్చుని ‘తర్వాత ఏమైంది?’ అని అడిగేది. రాక్షసుడు వచ్చాడంటే ఇక పదకొండు దాటినట్టే. ఇప్పుడు ఏమీ జరగని కథ చెబుతున్నాను, పావుగంటలో కళ్లు మూతపడుతున్నాయి.

ముందు దీపం ఆర్పేయండి. బిడ్డకు బాగా తెలిసిన దారిలో ఒక మేకపిల్లను ఇంటికి నడిపించండి. ఐదారు మజిలీలు చాలు. మా మేకపిల్ల ఖిలా వరంగల్‌లో బయలుదేరుతుంది. తోరణం మీద రాతి హంసలు పడుకున్నాయి. స్టేషన్‌లో గూడ్సు బండి పడుకుంది. భద్రకాళి చెరువులో అలలు పడుకున్నాయి. వేయిస్తంభాల గుడి దగ్గర నల్లరాతి నంది కాళ్లు మడుచుకుని ఉంటుంది కదా, మేకపిల్ల దాని చెవిలో ‘నేను ఇంటికి వెళ్తున్నాను’ అని చెబుతుంది. పాపకు ఇక్కడే ఎక్కువ ఇష్టం, తనూ నాతో పాటు గుసగుసగా అంటుంది. ఆ తర్వాత మా వీధి, మా గడప, చివరికి పాప దిండు.

ప్రతి మజిలీలో ‘మేకపిల్ల మెల్లగా ముందుకు నడిచింది’ అనే ఒకే మాటతో ముగించి, మూడు నిదానమైన శ్వాసలు ఆగండి. మజిలీ మజిలీకీ గొంతు తగ్గించండి. రోజూ అదే దారి, అవే మాటలు. మార్చితే ప్రశ్నలు మొదలవుతాయి.

సాయంత్రం ఐదు దాటాక కునుకు తీసిన రోజు మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు కథ సాగదీయకుండా అరగంట ఆడుకోనిచ్చి, మళ్లీ ఖిలా నుంచే మొదలుపెట్టండి.